అమ్మమ్మ మళ్లీ మాట్లాడిన మధ్యాహ్నం

ఎమ్మెస్సీ చదవడానికి ఈ దేశం వచ్చి, మా వృత్తిలోనే చేరబోతున్న పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆంటీ, మన చార్టుల్లో లేని భాష మాట్లాడే పిల్లలు క్లినిక్‌కు వస్తే మీరేం చేసేవారు?" దీనికి నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు. ఉన్నదల్లా 2013 నాటి ఒక వసంతం. అదే చెబుతాను.

నేను గ్లాస్గోలో పిల్లల స్పీచ్ థెరపిస్టుగా 2008లో చేరి 2019లో విరమించాను. ఏ వయసు వచ్చేసరికి ఏ ధ్వని పలకాలో చెప్పే పట్టిక మా పనికి పునాది. తల్లి కంగారు, టీచరు అభిప్రాయం, నా సొంత ఊహ, ఇవేవీ నాకు ఆధారాలు కావు. పిల్లకు ఎన్ని నెలలు నిండాయి, ఎన్ని ధ్వనులు పలికింది, అందులో ఎన్ని సరైనవి అన్న మూడింటికి జవాబు ఉంటే తప్ప నేను సంతకం పెట్టేదాన్ని కాదు. మా మేనేజరు దీనికి నన్ను ఆట పట్టించేది. ఆవిడ గ్లాస్గోలో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊళ్లో ఆడవాళ్లను ఆప్యాయంగా పిలిచే మాటతో అందరినీ "హెన్" అనేది. "హెన్, నీ పెళ్లిచూపుల్లో కూడా నువ్వు అంకెలే అడిగి ఉంటావు" అనేది. అడిగాననే మాట నిజమే. మావారి ఎత్తు నాకిప్పటికీ గుర్తుంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక నర్సరీ నుంచి నాలుగేళ్లు దాటిన పాప కేసు వచ్చింది. తల్లి బోత్స్వానా దేశస్థురాలు, ఆస్పత్రిలో నర్సు. తండ్రి స్వదేశంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. తల్లి షిఫ్టులకు వెళ్తే పాపను చూసుకోవడానికి అమ్మమ్మ జనవరిలో వచ్చింది. సందర్శకులకు ఇచ్చే గడువు ఆరు నెలలు కాబట్టి జులైలో ఆవిడ తిరిగి వెళ్లక తప్పదు. ఇంటి భాష సెట్స్వానా.

పాప నర్సరీలో ఎవరితోనూ మాట్లాడదు. బొమ్మలతో మాత్రం తనలో తాను మాట్లాడుకుంటుంది. మా ఆఫీసు నుంచి ఒకరు వెళ్లి అది విని రాసుకొచ్చారు. వారు రాసినదాని ప్రకారం పాప ఉచ్చారణలో నిలకడ లేదు. 'ప'ను ఒకసారి గాలితో, ఒకసారి గాలి లేకుండా పలుకుతోంది. 'క' ఒకసారి మామూలుగా, ఇంకోసారి గొంతు లోపలి నుంచి గరగరలాడుతూ వస్తోంది. నిలకడలేని ఉచ్చారణ మా వృత్తిలో పెద్ద అపాయ సూచన. అందువల్ల ఆగస్టులో పాపను ఇంటి దగ్గరి బడిలో కాకుండా, ఊరికి ఆ చివరనున్న ప్రత్యేక విభాగంలో చేర్చాలనే ప్రతిపాదన తయారైంది. ఈలోగా ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమని నర్సరీ టీచరు తల్లికి చెప్పింది. ఆమె మేలు కోరే చెప్పింది. అప్పట్లో చాలామంది అలాగే చెప్పేవారు.

మొదటిసారి పాపను క్లినిక్‌లో చూశాను. ఆ రోజు దుబాసీని పిలిపించే బాధ్యత మా ఆఫీసుది. ఘనా దేశపు 'ట్వీ' భాష తెలిసిన పెద్దమనిషి ఒకరు సూటు వేసుకొని వచ్చారు. సెట్స్వానాను ఇంగ్లీషులో ట్స్వానా అని కూడా రాస్తారు, జాబితాలో అది ట్వీకి పై గడిలోనే ఉందట. పాప అమ్మమ్మకూ ఆయనకూ మధ్య దూరం మనకూ చైనావారికీ మధ్య ఉన్నంత. ఇద్దరూ మర్యాదస్తులు కనుక వచ్చీరాని ఇంగ్లీషులో ఒకరి కుటుంబ క్షేమం ఒకరు అడిగి తెలుసుకున్నారు. నేను బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపించాను. పాప నా బూట్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆనాటి నా పట్టికలో అన్ని గడులూ ఖాళీ.

మార్చిలో వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎత్తైన భవనంలో చిన్న ఫ్లాటు, కిటికీ నిండా వాన. లోపలికి అడుగు పెడుతూనే అలవాటు కొద్దీ సంచి తెరిచి కార్డులు తీయబోయాను. అమ్మమ్మ లేచి నిలబడి, కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకొని, చెయ్యి చాచింది.

"డుమేలా, మ్మా" అని ఆగింది. నేను నవ్వి కార్డులు తీశాను. ఆవిడ అలాగే నిలబడి ఉంది.

పాప తల్లి నెమ్మదిగా చెప్పింది. "ఆవిడ మీకు నమస్కారం చెప్పిందండి. మీరూ చెప్పి, ఎలా ఉన్నారో అడిగితే గానీ పని మొదలవదు. మా ఇళ్లలో అంతే. పాపకు కూడా, పలకరించని మనిషి ఇంకా ఇంట్లోకి రానట్టే."

కార్డులు సంచిలో పెట్టేశాను. నిటారుగా నిలబడి, చేతనైనట్టు "డుమేలా, మ్మా" అన్నాను. టేబుల్ కింద నుంచి పాప తల బయటికి పెట్టి మొదటిసారి నా ముఖం చూసింది. క్లినిక్‌లో నేను పలకరించకుండానే ప్రశ్నలు వేశానన్నది అప్పుడు తెలిసింది.

కూర్చున్నాక గమనించాను. టీవీ మోగుతోంది. అమ్మమ్మ సోఫాలో, పాప నేల మీద. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అమ్మమ్మ పాపకు బిస్కెట్టు కావాలా అని సైగతో అడుగుతోంది. పాప తలతో జవాబిస్తోంది.

"ఎప్పుడూ ఇంతేనా?" అని తల్లిని అడిగాను.

"లేదండి. మా అమ్మ ఊళ్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి. నర్సరీవాళ్లు ఇంగ్లీషే అన్నారు కదా. అమ్మకు చర్చిలో వచ్చే నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్ప రావు. అందుకని పాపతో మాట్లాడడం మానేసింది."

"ఎప్పటి నుంచి?"

"ఫిబ్రవరి రెండో వారం నుంచి."

నేను తేదీ రాసుకున్నాను. రాసుకోవడం తప్ప ఆ క్షణాన ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

నా మొహం చూసి కాబోలు, అమ్మమ్మ మాట మార్చింది. ఆవిడ చెప్పింది కూతురు ఇంగ్లీషులో అందించింది. "ఈ ఊళ్లో వాన పడితే అందరూ నాకు సారీ చెబుతున్నారు, ఎందుకో అర్థం కాదు. మా దగ్గర వానను 'పులా' అంటాం. ఎవరినైనా దీవించాలన్నా అదే మాట. ఇంత దీవెన కురుస్తుంటే వీళ్లు గొడుగులు పట్టుకొని తిట్టుకుంటారేంటి?"

టేబుల్ కింద గుసగుస మొదలైంది. పాప దగ్గర ప్లాస్టిక్ ఆవులున్నాయి. ఒక్కొక్క ఆవునూ దగ్గరికి తీసుకొని రహస్యంగా ఏదో చెబుతోంది, ఎవరికైనా వినబడుతుందేమోనన్నంత చిన్నగా. నేను నేల మీద కూర్చొని చెవి ఒగ్గాను. అది సెట్స్వానా. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. కానీ క, ఖ వేరనీ, ప, ఫ వేరనీ ఓనమాలతోనే నేర్చుకున్న చెవి నాది. పాప ఎక్కడ గాలి వదలాలో అక్కడే వదులుతోంది. మా వాళ్లు నిలకడ లేదని రాసిన చోట రెండు వేర్వేరు ధ్వనులున్నాయి. ఇంగ్లీషులో ఆ తేడాతో మాట మారదు కనుక వాళ్ల చెవి దాన్ని లెక్కపెట్టలేదు.

మరుసటి రోజు మేనేజరుకు చెప్పాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టింది.

"నీ చెవిని నేను నమ్ముతాను, హెన్. మే నెలలో పాప బడి సంగతి తేల్చడానికి కూర్చునే కమిటీ నమ్మదు. ఆ పాప వయసు పిల్లలు ఆ భాషలో ఏమేం పలుకుతారో అంకెలు తీసుకురా. అంకెలు లేకుండా రావద్దని నాకు నేర్పింది నువ్వే కదా."

అంకెలు నాకు దొరకలేదు. ఇంగ్లండులో పనిచేసేవారిని అడిగాను, లైబ్రరీలో వెతికాను. చేతికందే దూరంలో ఏమీ లేవు. ఇక నేనే వినాలి. పాప తల్లికి తెలిసిన సెట్స్వానా కుటుంబాలు గ్లాస్గోలో రెండు, ఎడిన్‌బరోలో ఒకటి. అన్నింటిలో కలిపి మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు నలుగురు.

మావారు విని పకపకా నవ్వారు. "నలుగురంటే పేకాటకి సరిపోతారు గానీ లెక్కకి సరిపోతారంటోయ్?"

"మీరు కారు తీస్తారా, తియ్యరా?"

"తీస్తాన్లే. డ్రైవరు లేకపోతే శాస్త్రం ముందుకెళ్లదు కదా."

అలా చిన్న రికార్డరు పట్టుకొని తిరుగుతూ ఏప్రిల్‌లో శనివారాలు గడిచాయి. నాలుకను పంటి వెనక ఆనించి పక్కల నుంచి గాలిని విడిచే ధ్వని ఒకటి ఆ భాషలో ఉంది. ఏనుగును వాళ్లు 'ట్లౌ' అంటారు. పిల్ల ఆ ధ్వనిని సరిగా పలికిందో లేదో తేల్చడానికి నా చెవి చాలలేదు. అందుకని అమ్మమ్మను వెంట తీసుకెళ్లేదాన్ని. తల్లి డ్యూటీలో ఉండేది కనుక పాప కూడా వచ్చేది.

విన్నకొద్దీ ఒక క్రమం కనబడసాగింది. రాగం, అంటే మాటలోని హెచ్చుతగ్గుల స్వరం, మూడేళ్ల పిల్లకే చక్కగా పట్టుబడింది. మామూలు హల్లులూ అంతే. ఏనుగు దగ్గర చిన్నవాళ్లు తడబడి 'టౌ' అన్నారు. నాలుక దొర్లించి పలకాల్సిన 'ర' అన్నింటికంటే వెనకబడింది. మగవాళ్లను గౌరవంగా పిలిచే 'ర్రా' అనే మాటను ఇద్దరు 'ల్లా' అన్నారు. మన పిల్లలు రాముణ్ని లాముడనే వయసు ఉంటుంది చూడండి, అదే వయసు. నలుగురిలో పెద్దవాడు ఒక్కడే ర ను దొర్లించాడు, అదీ కళ్లు గట్టిగా మూసుకొని.

అయితే ఆ శనివారాల్లో నా పుస్తకంలోకి ఎక్కనిది వేరొకటుంది. పరాయి పిల్లలతో అమ్మమ్మ మాట్లాడేది. ఎంత మాట్లాడేది! పాటలు, పొడుపు కథలు, బెదిరింపులు, నవ్వులు. ఆ గొంతులో గులకరాళ్ల మీద నీళ్లు పారినట్టు ఉండేది. పాప ఒక మూల కూర్చొని అదంతా చూసేది. ఎడిన్‌బరోలో ఒక రోజు పాప లేచి వచ్చి తన ఆవును అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మమ్మ మాట ఆగిపోయింది. ఆవును నిమిరింది, పాప తల నిమిరింది. "గుడ్ గర్ల్" అంది. ఆవిడకు వచ్చిన నాలుగు ముక్కల్లో అది ఒకటి.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఇద్దరూ నిద్రపోతున్నారు. మావారు గొంతు తగ్గించారు.

"నువ్వొక్క మాట చెప్తే ఆవిడ మాట్లాడేస్తది కదంటోయ్."

"చెప్పాను. ఏమందో తెలుసా? కాగితం వచ్చేదాకా ఆగుతానంది. తన మూలంగా పాప బడి పోకూడదట."

"అయితే గట్టిగా చెప్పు."

"ఏ ఆధారంతో చెప్పమంటారండీ? రేపు కమిటీ కాదంటే?"

"ఆధారం వెనక సీట్లో ఉంది చూడు" అన్నారు. నేను వెనక్కి చూడలేదు. చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

మే మొదట్లో మేనేజరు ఒకసారి నాతో ఆ ఇంటికి వచ్చింది. పాప గొంతులోంచి పలికే గరగర వినగానే, "ఇది మన చెరువులను 'లోఖ్' అనేటప్పుడు వచ్చే ధ్వని కదా! మా నాన్న ఇలాగే అనేవాడు" అని చప్పట్లు కొట్టింది. ఆవిడ మాటల్లో ర లు దొర్లుతుంటే అమ్మమ్మ ముఖం వెలిగింది. "ఈవిడ మా మనిషి. నాలుక మాలాగే తిరుగుతోంది" అని కూతురితో అంది. ఈ ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ, నన్ను పక్కనబెట్టి చాలాసేపు వాన గురించి వాదించుకున్నారు.

కమిటీ మే మధ్యలో కూర్చుంది. నర్సరీ టీచరు, విద్యాశాఖ మనస్తత్వవేత్త, మా మేనేజరు, నేను. నా అంకెలు చదివాను. మనస్తత్వవేత్త ఓపికగా విని, "పిల్లలు నలుగురేనా?" అన్నాడు.

"నలుగురే. ఇంకెవరూ దొరకలేదు."

"మీరైతే దీన్ని ఒప్పుకుంటారా?"

ఒప్పుకోను. అదే మాట చెప్పాను. నా పక్షాన నేనే లేకుండా పోయాను. పాప మినీబస్సులో ఊరి ఆ చివరకు వెళ్తుంది, అమ్మమ్మ ఇంకో రెండు నెలలు సైగలు చేసి విమానం ఎక్కుతుంది. ఈ రెండూ నాకు స్పష్టంగా కనబడ్డాయి.

అప్పుడు మేనేజరు రికార్డరు తీసుకొని అమ్మమ్మ గొంతులో రెండు మాటలు వినిపించింది. ఒకదానిలో ప, ఇంకోదానిలో ఫ. "ఈ రెండూ ఒకటేనా, వేరా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. టీచరు ఒకటే అంది. మనస్తత్వవేత్త మళ్లీ వేయించుకొని విని, తేల్చలేనన్నాడు.

"నాకూ తెలియలేదు" అంది మేనేజరు. "పాపకు తెలుసు. తేడా వినలేని మనం ఇక్కడ కూర్చొని, పాప నిలకడగా పలకడం లేదని రాస్తున్నాం. పిల్లలు నలుగురు చాలరన్న మాట నిజమే. ఆ పాపలో లోపం ఉందనడానికి పోల్చి చూసిన పిల్లలు మన దగ్గర ఎంతమంది ఉన్నారు?"

ఎవరూ లేరు. సున్నా. ఆ అంకె నాకు తట్టనే లేదు.

పాప ఇంటి దగ్గరి బడిలోనే చేరాలనీ, ఏడాది తర్వాత మళ్లీ చూడాలనీ, ఇంట్లో ఇంటి భాషే మాట్లాడాలనీ నిర్ణయించారు. టీచరే అందరికంటే ముందు లేచి, "ఆ ఇంగ్లీషు మాట నేనే చెప్పాను, నేనే వెనక్కి తీసుకుంటానని తల్లికి చెప్పండి" అంది.

ఆ మధ్యాహ్నమే ఆ ఫ్లాటుకు వెళ్లాను. ముందు పలకరించాను. అమ్మమ్మ క్షేమం, ఊళ్లో వాళ్ల క్షేమం అడిగాను. ఆ తర్వాత విషయం చెప్పాను. కూతురు సెట్స్వానాలోకి మార్చి చెబుతుంటే అమ్మమ్మ నా చేతుల వైపు చూసింది.

"కాగితం ఏది, మ్మా?"

"వచ్చే వారం పోస్టులో వస్తుంది. ఈలోగా నా మాట ఉంది."

కాగితం కంటే ముందు మాట ఇవ్వడం నా సర్వీసులో అదొక్కసారే.

ఆవిడ లేచి టీవీ ఆపింది. మోకాళ్ల నొప్పితో మెల్లగా నేల మీదికి దిగి, టేబుల్ కిందికి వంగి, ఒక ఆవును చేతిలోకి తీసుకుంది. దాని గురించి పాపను ఏదో అడిగింది. పాప తల్లి వైపు చూసింది. తల్లి తల ఊపింది. పాప నా వైపు చూసింది. నేనూ ఊపాను. అప్పుడు పాప గుసగుసగా ఒక మాట అంది. అమ్మమ్మ వినబడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. పాప ఇంకొంచెం గట్టిగా అంది. మూడోసారి అరిచింది. అమ్మమ్మ విరగబడి నవ్వింది. ఇక ఇద్దరూ ఆగలేదు. ఒకరి మాట ఒకరు తొక్కుకుంటూ, ఆవులను అటూ ఇటూ తోలుకుంటూ, మూడు నెలల మాటలన్నీ ఒకేసారి.

రికార్డరు నా సంచిలోనే ఉంది. తీయలేదు. పాప ఎన్ని ధ్వనులు సరిగా పలికిందో లెక్కపెట్టలేదు. అక్కడ ఎంతసేపు కూర్చున్నానో కూడా చెప్పలేను. ఇన్నేళ్లలో నేను వేళ రాయని సందర్శన అదొక్కటే.

ఆ సాయంత్రం స్విండన్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయికి ఫోన్ చేశాను. తెలుగులో ఏవేవో చెప్పాను, వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడు పాడిన జోలపాట గుర్తుందా అని కూడా అడిగాను. అంతా విని, "ఆర్ యూ ఓకే, అమ్మా?" అంది.

"ఏం లేదు నాన్నా. ఊరికే."

జులైలో అమ్మమ్మ వెళ్లిపోయింది. ఆ రోజు వాన లేదట, అదొక్కటే వెలితి అందట. 2014లో ఏడాది సమీక్ష పూర్తయి కేసు మూసేశాం. ఆ తర్వాత కొన్ని వారాలకు, ఒక ఉదయం ఆఫీసు ఫోన్‌లో పాప సందేశం ఉంది. "డుమేలా, ర్రా!" ర అలా దొర్లుతూ, దొర్లుతూ పోయింది. ర్రా అంటే అయ్యగారూ అని. నాకు మ్మా అనాలని పాపకు బాగా తెలుసు. కానీ మ్మాలో ర లేదు కదా. వెనక నుంచి తల్లి నవ్వుతూ, "ఇది రాత్రి ఫోన్‌లో వాళ్ల అమ్మమ్మకు చూపించిందండి. తర్వాత మీకే చూపిస్తానంది" అంది.

మా ఫోన్ వ్యవస్థ పాత సందేశాలను తనంతట తాను చెరిపేసేది. చెరిగిపోయేదాకా రోజూ పని మొదలుపెట్టే ముందు అది విన్నాను. మూసిన కేసుల రికార్డింగులనూ గడువు తీరాక నిబంధన ప్రకారం తీసేస్తారు. తీసెయ్యాలి కూడా. కాబట్టి ఆ శనివారాల్లో ఎవరు ఏ ధ్వని ఎన్నిసార్లు పలికారో ఇప్పటికీ చెప్పగలను గానీ, అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదో మీకు వినిపించలేను. గులకరాళ్లు, నీళ్లు అని రాశాను. అది చాలదని నాకు తెలుసు.

పట్టికలు వదిలెయ్యమని మీకు నేను చెప్పను. పట్టిక లేని పిల్ల వస్తే మీరూ నలుగురి కోసం కారేసుకొని తిరగండి. వెళ్లిన చోట ముందు పలకరించండి.

నేను ఇప్పుడు ఊళ్లోకి బస్సులోనే వెళ్తుంటాను. వెనక సీట్లో ఎవరైనా ర ను నాలుక మీద దొర్లిస్తే ఇప్పటికీ చటుక్కున వెనక్కి తిరుగుతాను. అక్కడ ఎవరో గ్లాస్గో ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, వానను తిట్టుకుంటూ ఉంటాడు.